ఎన్ని బండ్లు ఆగినాయి?

నరసమ్మ ఆ దారం తెచ్చి జిలానీ చేతిలో పెట్టింది.

నల్లదారం. పోగులు దగ్గరగా పేని, నడుమ గట్టి ముడి వేసి ఉంది. ముడి అలాగే ఉంది. ఒక పక్క మాత్రం ఎర్రమట్టి అంటుకొని ఎండిపోయింది.

"ఇది మీదే గదా నాయనా," అంది ఆమె. "మా వాని బండి హ్యాండిల్‌కు ఉన్నింది. మెకానిక్కు కోసి ఇచ్చినాడు. పారేసేదానికి మనసు రాలేదు."

ఆమె గొంతులో కోపం లేదు. జిలానీ తట్టుకోలేకపోయింది అదే. నాలుగు తిట్టి ఉంటే తలవంచుకొని పడేవాడు. ఆమె దర్గా గడపకు దండం పెట్టుకుంది, చెంగుతో ముక్కు తుడుచుకుంది, వచ్చిన ఆటోలోనే కనుమ దిగి వెళ్ళిపోయింది.

ఆమె కొడుకు ఓబులేసు. పందొమ్మిదేళ్ళవాడు. మొన్న గురువారం ఈ దర్గా ముందు ఆగీ ఆగకుండా ఆగి, జిలానీ చేత బండికి దారం కట్టించుకున్నాడు. కనుమ దిగుతూ, లాడం మలుపు దగ్గర ముందు పోతున్న బస్సును దాటబోయి, ఎదురొచ్చిన ఇసుక లారీని గుద్దుకొని అక్కడికక్కడే పోయాడు. వెనక కూర్చున్న స్నేహితుడు తిరుపాలు ముళ్ళపొదలో పడి, నుదుటి మీద కుట్లతో బయటపడ్డాడు.

జిలానీ దారం గుప్పిట్లో పట్టుకొని లోపలికి వెళ్ళాడు. సమాధి పక్కన గోడకు ఆనుకొని గురువు సత్తార్ బాబా మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నారు.

"బాబా, దారం వాణ్ణి ఎందుకు కాపాడలేదు?"

బాబా చేతులు తుడుచుకొని దారం అందుకున్నారు. వెలుతురుకు పట్టి చూశారు.

"ఆ పొద్దు ఎట్ల కట్టినావు?"

"అందరికీ కట్టినట్టే కట్టినా. ముడి చూడండి బాబా, ఎంత గట్టిగా ఉండాదో."

"ముడి బాగుండాది," అన్నారు బాబా. "ఇది నా దగ్గర ఉండనీ."

అంతే. బాబా రెండో మోకాలికి నూనె రాసుకోవడం మొదలుపెట్టారు.

తేనెబండ కనుమ మీది ఆ దర్గా ఎప్పటిదో ఎవరికీ తెలియదు. తెలిసినట్టు చెప్పేవాళ్ళకు మాత్రం కొదవలేదు. కనుమ మీద పోయే బండి ఏదైనా అక్కడ ఆగాలి. అది రివాజు. ఎద్దులబండ్ల కాలంలో కాడి విప్పి ఎద్దులకు నీళ్ళు పెట్టేవాళ్ళట. లారీలు వచ్చాక డ్రైవరు ఇంజను ఆపి, చెప్పులు విడిచి, తాళంచెవి తెచ్చి బాబా చేతికి ఇచ్చేవాడు. బాబా దాన్ని సమాధి మీది పూలచాదర్ అంచున పెట్టి, నిప్పుల మీద చిటికెడు ఊదు వేసేవారు. ఆ పొగ ఆరేదాకా డ్రైవరు ఊరికే కూర్చోవాలి. కూర్చున్నవాణ్ణి బాబా ఒకే ఒక్క మాట అడిగేవారు.

"ఇంటికాడ ఎవరెవరు ఉండారప్పా?"

ఒకడు రెండు ముక్కల్లో చెప్పేవాడు. ఇంకొకడు పొద్దున పెళ్ళాంతో పడిన పోట్లాటతో సహా చెప్పేవాడు. పొగ ఆరాక బాబా తాళంచెవీ దారమూ కలిపి చేతిలో పెట్టేవారు. దారం ఎవరిది వాళ్ళే కట్టుకోవాలి.

ఇదంతా బాబాకు ఆయన గురువు నేర్పాడు. ఎందుకని బాబా అడగలేదు, గురువు చెప్పలేదు.

జిలానీ శిష్యుడిగా చేరి రెండేళ్ళయింది. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, చురుకైనవాడు. మంచివాడు కూడా. అది ఇప్పుడే చెప్పేస్తున్నాను, లేకపోతే వినేవాళ్ళు తొందరపడి వాడి మీద పడతారు. బాబాకు మోకాళ్ళు పట్టేశాక రోడ్డు మీది పని వాడికి వచ్చింది. కొత్తలో వాడూ తాళంచెవులు అడిగాడు. లారీవాళ్ళు ఇచ్చారు. మోటారు సైకిళ్ళ కుర్రాళ్ళు విసుక్కున్నారు. కొందరు ఆగనే ఆగకుండా చెయ్యి ఊపి పోయారు. జిలానీకి అది తలకొట్టేసినట్టయింది. కింద పేటలో తనతో చదువుకున్నవాళ్ళు, తనతో గోలీలాడినవాళ్ళు, ఇప్పుడు తనను చూసి ఏ ముసలి ఫకీరునో చూసినట్టు నవ్వుకుంటూ పోతున్నారు.

అప్పుడు వాడికొక ఉపాయం తట్టింది. మనుషులు దారం దగ్గరికి రాకపోతే దారమే మనుషుల దగ్గరికి పోవాలి. మోచేతికి దారాల గుత్తి తగిలించుకొని రోడ్డు అంచునే నిలబడ్డాడు. బండి కాస్త నెమ్మదిస్తే చాలు, ఇంజను ఆడుతుండగానే హ్యాండిల్‌కు దారం చుట్టి ముడి వేసేవాడు. తాళంచెవి అడగడం లేదు, ఊదు లేదు, కూర్చోవడం లేదు, ఇంటి దగ్గర ఎవరున్నారన్న ఆరా లేదు. పెట్రోలు బంకులో కన్నా తొందరగా పని అయిపోయేది. కుర్రకారు ఎగబడింది. "జిలానీ భాయ్ చెయ్యంటే చెయ్యే" అన్నారు. ఆ మాట వాడికి చెవిలో తేనె పోసినట్టుండేది.

పైగా ముడి వేశాక నడిపేవాడి వీపు మీద ఒక్కటి చరిచి, పెద్దగా అనేవాడు. "దారం కట్టినా. ఇంక నీకేం కాదు, పో!"

ఆ మాట పూర్తి కాకముందే వాళ్ళు ఆక్సిలేటరు తిప్పేవాళ్ళు. బండి ముందు చక్రం లేచినంత పని అయ్యేది. సమాధిలోని పెద్దాయన దారం ఉండగా భయమేమిటని, మామూలుగా బ్రేకు వేసే మలుపుల్లో కూడా బ్రేకు వేయడం మానేశారు. జిలానీ అది చూశాడు. చూసి గర్వపడ్డాడు కూడా. తమ దర్గా మీద జనానికి ఎంత నమ్మకమో అనుకున్నాడు.

సాయంత్రం లోపలికి రాగానే బాబా అడిగేవారు.

"ఈ పొద్దు ఎన్ని బండ్లు ఆగినాయి బిడ్డా?"

"గుత్తి మొత్తం అయిపోయింది బాబా. రేపటికి మళ్ళీ పేనాల."

"దారాలు కాదు బిడ్డా. బండ్లు."

ఆ తేడా ఏమిటో జిలానీకి అంతుపట్టేది కాదు. దారాలు అయిపోయాయంటే బండ్లు వచ్చినట్టే కదా. ముసలితనం, చాదస్తం అనుకునేవాడు. పైకి మాత్రం, "శానా ఆగినాయి బాబా," అనేవాడు. బాబా తల ఊపి ఊరుకునేవారు.

నరసమ్మ వచ్చి వెళ్ళిన వారంలోనే తిరుపాలు వచ్చాడు. నుదుటి మీద కుట్లు ఇంకా నల్లగానే ఉన్నాయి. మాటలో మాత్రం హుషారు కాస్త ఎక్కువగా ఉంది.

"రేపు ఓబులేసు దినం భాయ్. పేటలోంచి మన పిల్లోళ్ళమంతా బండ్ల మీద పైకొస్తాం. నీతో దారాలు కట్టించుకొని, వాని ఫ్లెక్సీ పట్టుకొని కనుమ దిగుతాం. సైలెన్సర్లు పీకేస్తాండాం. పేట మొత్తం వినపడాల."

"దేనికిరా అదంతా?"

"దేనికేంది? వాడు మన దోస్తు గాదా? వాడు ఎట్ల దిగినాడో మనమూ అట్లనే దిగాల. వాడు పోయినాడని మనం బెదిరినామని ఎవరూ అనుకోగూడదు. నువ్వు ముందుండాల భాయ్. వానికి కడపటి దారం కట్టింది నువ్వే."

జిలానీ చూపు పక్కకు తిప్పుకున్నాడు. "నాకు ఇక్కడ పనుంటాది రా..."

తిరుపాలు వాడి కళ్ళలోకి చూశాడు. పెదవి ఒక పక్కకు వంచి నవ్వాడు.

"భయమా?"

ఎంత మాటండీ అది! మూడక్షరాలు. ఆ వయసువాళ్ళను ఏ గుట్టయినా ఎక్కిస్తుంది, ఏ లోయలోకైనా దించుతుంది.

"భయమేంది? వస్తా పో," అన్నాడు జిలానీ.

అన్నాడే గానీ ఆ పూట ముద్ద దిగలేదు. భయంగానే ఉంది. రానంటే పరువు పోతుంది. పోతే ప్రాణం పోవచ్చు. ఇరవై రెండేళ్ళవాడికి ఈ రెండింటిలో ఏది బరువో అంత సులువుగా తేలదు. ఆలోచించి ఆలోచించి చివరికొక సందు కనిపెట్టాడు. బాబాను అడుగుదాం. బాబా ఎలాగూ వద్దంటారు. "నేను బయల్దేరినా, బాబానే ఒప్పుకోలేదు" అని చెప్పుకోవచ్చు. పరువూ దక్కుతుంది, ప్రాణమూ దక్కుతుంది.

ఈ ఎత్తు వేసుకొని వెళ్ళి బాబా ముందు కూర్చున్నాడు.

"బాబా, ఓబులేసు కోసమని పిల్లోళ్ళంతా రేపు బండ్ల మీద కనుమ దిగుతారంట. నన్నూ రమ్మంటాండారు."

"పోతావా?"

"మీరు వద్దంటే పోను."

బాబా వాడి మొహం వైపు చాలాసేపు చూశారు. ఆ చూపుకు జిలానీ కళ్ళు దించుకున్నాడు.

"నేనెందుకు వద్దంటా?" అన్నారు బాబా. "పో."

జిలానీ వేసుకున్న ఎత్తు పారలేదు.

"నేనూ వస్తా. నీ బండి వెనక కూర్చుంటా."

"మీరా? మీ మోకాళ్ళు..."

"కూర్చునేదానికి మోకాళ్ళతో ఏం పని బిడ్డా? నడిపేది నువ్వు గదా."

మరునాడు ఎండ వాలుతుండగా కనుమ కింద నుంచి రొద మొదలైంది. ముందు రొద వచ్చింది, చాలాసేపటికి బండ్లు వచ్చాయి. ఒక్కో బండి మీద ఇద్దరు, ముగ్గురు. హెల్మెట్లు ఉన్నవాళ్ళు వాటిని అద్దాలకు తగిలించుకున్నారు. ముందు బండి మీది ఇద్దరు ఫ్లెక్సీ పట్టుకున్నారు. దాని మీద ఓబులేసు నల్లకళ్ళద్దాలు పెట్టుకొని నవ్వుతున్నాడు. పక్కన అదే బండి. కింద పెద్ద అక్షరాలతో "నువ్వు లేవంటే నమ్మలేకపోతున్నాం తమ్ముడూ" అని రాయించారు.

ఎవరూ ఇంజను ఆపలేదు. జిలానీ ఒక్కో బండి దగ్గరికి వెళ్ళి దారం చుట్టాడు. ముడి రెండుసార్లు జారింది.

"ఏం భాయ్, మాట మర్చిపోయినావే?" అని అరిచాడు ఒకడు. "అనల్ల! అనకుంటే దారం పని చేయదు!"

అందరూ హారన్లు మోగించారు. జిలానీ గొంతు పెంచాడు. కావలసినదాని కన్నా ఎక్కువే పెంచాడు.

"దారం కట్టినా. ఇంక మీకేం కాదు, పోండి!"

కేకలు, ఈలలు. ఆ గోలలో బాబా కర్ర పొడుచుకుంటూ బయటికి వచ్చారు. కర్రను గడప పక్కన ఆనించి, జిలానీ భుజం పట్టుకొని, మెల్లగా కాలు తిప్పి బండి వెనక కూర్చున్నారు.

"బాబా కూడా రేసుకొస్తాండాడ్రా!" అని ఎవరో అరిచారు. నవ్వులు మిన్నంటాయి.

బాబా ఒక చెయ్యి జిలానీ నడుం చుట్టూ వేశారు. జిలానీ కిందికి చూశాడు. ఆ ముడతల మణికట్టుకు నల్లదారం చుట్టి ఉంది. దాని మీద ఎర్రమట్టి.

మొదటి మలుపు దాకా జిలానీకి కాస్త ఊరటగానే ఉంది. వెనక ముసలాయన ఉన్నాడు. నెమ్మదిగా పోతే ఎవరూ తప్పుపట్టరు. ఒక సాకు చేజారితే ఇంకో సాకు దానంతట అదే వచ్చి వెనక సీట్లో కూర్చుంది. వాడు రెండో గేరులో, రోడ్డు ఎడమ అంచున, జాగ్రత్తగా దిగుతున్నాడు.

తిరుపాలు పక్కనుంచి దూసుకుపోతూ తల తిప్పాడు. "ఏం భాయ్, పెండ్లికూతురిని తీసుకపోతాండావా?"

వెనక వచ్చేవాళ్ళంతా నవ్వారు. జిలానీ పళ్ళు బిగించాడు.

"చూసినావా, నవ్వుతాండారు," అంది చెవి పక్కన ఒక గొంతు.

జిలానీ ఉలిక్కిపడ్డాడు. బాబా గొంతే.

"ఇంకొకడు దాటేసినాడు. వాని బండి నీ దానికన్నా పాతది."

"బాబా?"

"రేపు పేటలో ఏమంటారు? దర్గాలో చేరి పిరికోడైనాడంటారు. తిప్పు."

జిలానీ చెయ్యి దానంతట అదే తిప్పింది. బండి ముందుకు ఉరికింది. అద్దంలో బాబా గడ్డం గాలికి చెదిరి కనిపించింది. మలుపులో బండి వాలితే వెనక ఆ బక్క శరీరమూ వాలింది.

"అట్ల," అంది గొంతు. "ఇప్పుడు బాగుండాది. ఆ ముందరోణ్ణి వదలొద్దు."

ఒకణ్ణి దాటాడు. ఇంకొకణ్ణి దాటాడు. దాటినవాడు కేక వేశాడు, ఆ కేకకు జిలానీ ఒంట్లో ఏదో పొంగింది. రోడ్డు పక్క రక్షణరాళ్ళు తెల్లగా వెనక్కి పరుగెడుతున్నాయి. వాటి అవతల లోయ ఉందని వాడికి తెలుసు. తెలిసి లాభమేముంది? ఆ క్షణాన వాడి లోకంలో లోయ లేదు. వెనక డెబ్బై ఏళ్ళు దాటిన గురువు లేడు. ఇంటి దగ్గర అమ్మ లేదు. ముందు పోతున్నవాళ్ళ వీపులే ఉన్నాయి.

"ఇంకా ముగ్గురే. నువ్వు ముందుండాలని గదా పిలిచినారు."

మూడో మలుపు తిరిగేసరికి ముందు బస్సు కనిపించింది. తిరుపాలు, ఫ్లెక్సీ పట్టుకున్నవాళ్ళు, ఇంకో బండి, ఒకరి వెనక ఒకరు హారన్ కొట్టుకుంటూ దాన్ని దాటేశారు. బస్సుకు అవతల లాడం మలుపు. రోడ్డు గుర్రపు లాడంలా ఒంగి, కొండ చాటుకు పోతుంది. అటునుంచి వచ్చేది ఏదీ ఇటు కనిపించదు. మలుపు మొదట్లో ఒక రక్షణరాయి సగానికి విరిగి ఉంది. విరిగిన రాయికి ఎవరో బంతిపూల దండ వేశారు. అది వాడిపోయింది.

"బస్సు," అంది గొంతు. "ఓబులేసు అయితే దాటేటోడు."

జిలానీ బండిని కుడి పక్కకు తీశాడు. బస్సు పొడుగునా ముందుకు పోతున్నాడు. బస్సు కిటికీలోంచి ఎవరో ఆడమనిషి చెయ్యి బయటపెట్టి వద్దు వద్దని ఊపుతోంది. మలుపు దగ్గరపడుతోంది.

అప్పుడు వీపు మీద ఒక చరుపు పడింది. చెవిలో మాట, అచ్చు జిలానీ అనే తీరులోనే.

"దారం కట్టినా. ఇంక నీకేం కాదు, పో!"

జిలానీ కళ్ళ ముందు ఆ గురువారం నిలబడింది. ముడి వేశాక ఓబులేసు తల తిప్పి తన వైపు చూశాడు. నవ్వుతూనే అడిగాడు. "నిజంగా ఏం కాదా భాయ్?" తను కూడా నవ్వి, "నేను కట్టినంక ఏమవుతాది రా," అని మళ్ళీ వీపు చరిచాడు. ఈ సంగతి వాడు ఎవరికీ చెప్పలేదు. నరసమ్మకు చెప్పలేదు. తనకు తాను కూడా చెప్పుకోలేదు.

కిందికి చూశాడు. నడుం మీద ముసలి చెయ్యి, దానికి ఆ దారం.

ఆక్సిలేటరు వదిలేశాడు. బ్రేకు నొక్కాడు. బస్సు వాణ్ణి దాటుకొని పోయింది. బండి బస్సు వెనక్కి పడి, ఎడమకు తిరిగి, గులకరాళ్ళ మీద వెనక చక్రం జారి, ఒరిగి, మళ్ళీ నిలదొక్కుకొని, విరిగిన రాయి పక్కన ఆగింది. జిలానీ తాళంచెవి తిప్పాడు.

మలుపు అవతల నుంచి ఏమీ రాలేదు. రోడ్డు ఖాళీగానే ఉంది. దాటి ఉంటే దాటిపోయేవాడే.

రెండు కాళ్ళూ నేలకు ఆనించి జిలానీ వణికిపోతున్నాడు. ఏడుపు, కోపం కలిసి వచ్చాయి.

"ఎందుకట్ల అన్నారు బాబా? నేను నిజంగానే పోయింటే? మీరు వెనక ఉండారు గదా! మీకేమన్నా అయ్యింటే?"

బాబా నెమ్మదిగా బండి దిగారు. మోకాళ్ళు పట్టుకొని కాసేపు నిలబడ్డారు. ఆయన చేతులు కూడా వణుకుతున్నాయి. అది జిలానీ చూశాడు.

"ఒక్క కొత్త మాటైనా అన్నానా బిడ్డా?"

జిలానీ బండి స్టాండు వేసి దిగాడు.

అప్పుడే కింద నుంచి బండి ఒకటి వెనక్కి వచ్చింది. తిరుపాలు. ఇంజను ఆపకుండానే, ఒక కాలు నేలకు ఆనించి అరిచాడు. "ఏమైంది భాయ్? బండి చెడిపోయిందా? ముసలాయనకు బాగలేదా?"

చూడండి, అడిగేవాడే జవాబులు కూడా చేతికిచ్చాడు. అవునంటే చాలు, రెండింటిలో ఏదైనా సరిపోతుంది. జిలానీ బాబా వైపు చూశాడు. బాబా లోయలోకి చూస్తున్నారు. అక్కడ అంత చూడదగ్గది ఏమీ లేదు.

"బండి బాగుండాది," అన్నాడు జిలానీ. "బాబా బాగుండాడు. నాకు భయమైంది."

తిరుపాలు నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. వాడి చూపు విరిగిన రాయి మీద పడింది, దాని మీది వాడిన దండ మీద పడింది. చెయ్యి నుదుటి మీది కుట్ల దగ్గరికి పోయింది. ఇంజను అలా ఆడుతూనే ఉంది. చాలాసేపటికి వాడు తాళంచెవి తిప్పాడు.

ఆ రొద ఆగాక కనుమలో పక్షులు కూడా ఉన్నాయని తెలిసింది.

"ఆ పొద్దు నాకూ అయింది భాయ్," అన్నాడు తిరుపాలు. రాయి వైపే చూస్తూ అన్నాడు. "వాని వెనక కూర్చొని కొట్రా, దాటెయ్‌రా అని అరుస్తాంటి. లోపల భయంతో చస్తాంటి. ఆపరా అందామనుకుంటి. అంటే నవ్వుతాడేమోనని అనలేదు." అరిచేత్తో మొహం తుడుచుకున్నాడు. "వానికీ అయిందేమో భాయ్. వాని నడుం గట్టిగా పట్టుకోమన్నట్టు, నా చేతిని లాక్కొని వాని పొట్టకు అదుముకున్నాడు. ఇద్దరం చెప్పుకోలేదు."

వాడు బండి మీదే ముందుకు వంగి, హ్యాండిల్ మీద తల పెట్టుకొని ఏడ్చాడు. ఆ హ్యాండిల్‌కు జిలానీ కాసేపటి కిందట కట్టిన దారం ఉంది. జిలానీ దగ్గరికి వెళ్ళి వాడి వీపు మీద చెయ్యి వేశాడు. చరవలేదు. ఊరికే వేసి ఉంచాడు.

కింద పేట పొలిమేరలో హారన్లు మోగాయి. మిగతావాళ్ళంతా క్షేమంగా దిగారు. ఆ రోజు ఎవరికీ గీటు కూడా పడలేదు. అదృష్టం అంతే, అది చెప్పే పాఠం చాలాసార్లు తప్పుడు పాఠమే.

పైకి వచ్చేటప్పుడు జిలానీ నెమ్మదిగా నడిపాడు, తిరుపాలు వెనకాలే వచ్చాడు. దర్గా ముందు ఇద్దరూ ఇంజన్లు ఆపి, చెప్పులు విడిచారు. జిలానీ చెయ్యి చాపాడు. తిరుపాలు ఒక్క క్షణం చూసి, తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టాడు. జిలానీ దాన్నీ తన తాళంచెవినీ తీసుకెళ్ళి పూలచాదర్ అంచున పక్కపక్కనే పెట్టాడు. బాబా మణికట్టు నుంచి దారం విప్పి వాటి పక్కన ఉంచారు.

దారం ఎందుకు కాపాడలేదని జిలానీ మళ్ళీ అడగలేదు. రేపు నరసమ్మ ఇంటికి పోవాలి. ఆ గురువారం తను అన్న మాట ఆమెకు చెప్పాలి. అది లాడం మలుపు కన్నా కష్టమని వాడికి తెలుసు.

ముగ్గురూ కూర్చున్నారు. జిలానీ నిప్పులు కదిపి చిటికెడు ఊదు వేశాడు. పొగ లేచింది.

"ఇంటికాడ ఎవరెవరు ఉండారప్పా?" అని బాబా తిరుపాలును అడిగారు.

"అమ్మ ఉండాది," అన్నాడు తిరుపాలు. పొగ వైపు చూస్తూ, "చెల్లెలుండాది. దానికి బండి సప్పుడంటేనే బెదురు. నేను ఇల్లు చేరేదాకా వాకిట్లోనే నిలబడుంటాది," అన్నాడు. ఆ తర్వాత వాడు చెబుతూనే ఉన్నాడు.

పొగ పలచబడింది. బాబా నూనెగిన్నె దగ్గరికి లాక్కొని, మోకాలి మీద చెయ్యి పెట్టుకొని, రోజూ అడిగినట్టే అడిగారు.

"ఈ పొద్దు ఎన్ని బండ్లు ఆగినాయి బిడ్డా?"

జిలానీ దారాల గుత్తి తగిలించుకునే మోచేతి వైపు చూశాడు. ఒక్క దారం కూడా మిగల్లేదు.

"రెండు, బాబా."